చెరువు నుంచి స్లైడు దాకా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పరాన్నజీవి చదును పురుగులను అధ్యయనం చేసే విధానం

జంతువుల దేహాల్లో బతికే చదును పురుగుల మీద మన దేశంలో పరిశోధన మొదలై వందేళ్లు దాటింది. నీటి నత్తల నుంచి వెలువడే డింభకాలపై సీమోర్ సెవెల్ 1922లోనే పెద్ద గ్రంథం వెలువరించారు. సౌత్‌వెల్ 1930లో బద్దె పురుగులపై రెండు సంపుటాలు ప్రచురించారు. పశువుల ముక్కు సిరల్లో కాపురముండే షిస్టోసోమా నాసేల్ అనే చదును పురుగును ఎం. అనంతనారాయణరావు 1933లో వర్ణించి పేరు పెట్టారు. ఇంత పునాది ఉన్నా, ఒక చెరువును ఎంచుకుని అందులోని నత్తలో, చేపలో, ఆ గట్టున మేసే పశువులో, ఆ నీటి మీద వాలే కొంగలో ఏ పురుగు ఏ దశలో ఉందో ఏడాది పొడవునా అనుసరించే పని ఈనాటికీ శ్రద్ధగల ఏ విద్యార్థి అయినా చేపట్టదగినదే. జువాలజీ చదువుతున్నవారిని, కళాశాల అధ్యాపకులను, పశువైద్య రంగంలో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని, ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నీటివనరుల ఆధారంగా ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

ముందుగా వర్గాలు, జీవిత చక్రాలు

పరాన్నజీవులైన చదును పురుగుల్లో మనకు ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు వర్గాలు. మోనోజీనియన్లు చేపల మొప్పల మీద, చర్మం మీద కొక్కేలతో పట్టుకుని ఉంటాయి. వీటికి ఒకే ఆతిథేయి (పురుగు ఆశ్రయించే జంతువు) చాలు. ట్రెమటోడులను మన రైతులు జలగలంటారు. కార్జపు జలగ, పొట్ట జలగ ఈ వర్గానివే. సెస్టోడులంటే బద్దె పురుగులు. వీటికి నోరు గానీ పేగు గానీ ఉండవు, ఒంటి చర్మం గుండానే ఆహారం పీల్చుకుంటాయి.

ట్రెమటోడుల జీవిత చక్రం కంఠతా రానిదే క్షేత్రంలోకి దిగడం వృథా. గుడ్డు నుంచి మిరాసీడియం అనే నూగు డింభకం బయటికి వచ్చి నత్తలోకి చేరుతుంది. అక్కడ స్పోరోసిస్టుగా, చాలా జాతుల్లో ఆపైన రీడియాగా మారి, అలైంగికంగా వందల వేల సెర్కేరియాలను పుట్టిస్తుంది. తోకతో ఈదే ఈ సెర్కేరియా నీటిలోకి వచ్చి, జాతిని బట్టి గడ్డిపోచ మీదనో, చేప కండలోనో, మరో నత్తలోనో తిత్తి కట్టి మెటాసెర్కేరియాగా నిలుస్తుంది. ఆ గడ్డిని గొర్రె మేసినప్పుడు, ఆ చేపను కొంగ మింగినప్పుడు పురుగు పెరిగి పెద్దదవుతుంది. షిస్టోసోమాలు మాత్రం తిత్తి కట్టవు. నేరుగా చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. నత్త లేకుండా ట్రెమటోడు లేదన్నమాట. అందుకే నా అభిప్రాయంలో కొత్తవారు చేపతో కాక నత్తతో మొదలుపెట్టడమే మేలు: ఖర్చు తక్కువ, అనుమతుల చిక్కు తక్కువ, కళ్లముందే కనిపించే వైవిధ్యం మాత్రం అపారం.

మొదటి మెట్టు: చోటు, కాలం, అనుమతి

తిరగడానికి వీలైన దూరంలో ఒకే నీటివనరును ఎంచుకోండి. పెన్నా కాలువల కింది వరి మడులు, కనిగిరి రిజర్వాయరు, సోమశిల, కండలేరు జలాశయాలు, ప్రకాశం వైపు గుండ్లకమ్మ జలాశయం, కంభం చెరువు మంచినీటి జాతులకు అనువైనవి. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుటేర్లు, బకింగ్‌హాం కాలువ ఉప్పునీటి నత్తలకు, చేపలకు నెలవులు. పది చోట్ల ఒక్కోసారి తిరిగి తెచ్చిన నమూనాల కన్నా, ఒకే చెరువులో నెలనెలా తీసిన నమూనాలు ఎక్కువ విషయం చెబుతాయి.

ఈ సీమకు ప్రధాన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కాబట్టి రుతువులను విభజించుకునేటప్పుడు ఉత్తర భారతపు పుస్తకాల్లో కనిపించే జూన్ నుంచి సెప్టెంబరు వర్షాకాలాన్ని యథాతథంగా తెచ్చి పెట్టకూడదు. వర్షాలకు ముందు, వర్షాల్లో, చెరువు నిండిన తర్వాత, వేసవిలో నీరు కుంచించుకుపోయినప్పుడు అని నాలుగు దశలుగా చూడటం ఇక్కడి వాస్తవానికి సరిపోతుంది. ఎడగారు పంట వేసే మడుల్లో వేసవిలోనూ నీరు నిలుస్తుంది గనుక, అక్కడి నత్తలను వేరే లెక్కగా రాసుకోవాలి.

నేలపట్టు, పులికాట్ వంటి అభయారణ్యాల హద్దుల్లో పక్షుల జోలికే కాదు, నత్తను ఏరడానికైనా అటవీ శాఖ లిఖిత అనుమతి ఉండాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది, 2022లో సవరణ పొందింది. దాని షెడ్యూళ్లలోని జంతువులను పరిశోధన పేరుతో చంపడం నేరం. బజారులో అమ్మకానికి వచ్చిన చేప, మాంసం దుకాణంలోని కార్జం, చెరువు గట్టున దొరికే నత్త, ఇంట్లో కోసిన నాటుకోడి పేగు: ఈ నాలుగూ చాలు, ఏళ్ల తరబడి పని దొరుకుతుంది.

రెండో మెట్టు: నత్తలు

మన వరి మడుల్లో, చెరువుల్లో ముఖ్యంగా వెతకవలసినవి రెండు. బిళ్లలా చుట్టుకున్న గుల్ల గల ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్ పొట్ట జలగలకూ, షిస్టోసోమా నాసేల్, షిస్టోసోమా స్పిండేల్ వంటి రక్తనాళాల జలగలకూ ఆశ్రయమిస్తుంది. పలచని, మొనతేలిన గుల్ల గల లిమ్నియా జాతి నత్తలు కార్జపు జలగకు నెలవు. వీటితోపాటు బెల్లామియా, మెలనాయిడిస్, పైలా వంటివి కూడా సేకరించండి. ప్రతిదానికీ తనదైన డింభక సమూహం ఉంటుంది. ఉప్పుటేటి బురదలో గుంపులుగా పాకే సెరిథిడియా సింగులాటా అనే పొడుగు నత్త, ట్రెమటోడు డింభకాలకు పేరుపడ్డ ఆతిథేయి.

చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు మోకాళ్ల దాకా బూట్లు లేకుండా మడిలో దిగవద్దు. పశువుల, పక్షుల షిస్టోసోమా డింభకాలు మనిషి చర్మంలోకి కూడా దూరతాయి. లోపల పెరగలేక చచ్చిపోయినా, విపరీతమైన దురద, దద్దుర్లు మిగులుస్తాయి. నాట్లు వేసే కూలీలకు కాళ్లకు దురద ఎప్పుడు, ఏ మడిలో వస్తుందో అడిగి రాసుకోండి. నత్తలు ఎక్కడ వెతకాలో ఆ మాటే చెబుతుంది.

తెచ్చిన నత్తలను పొడవు కొలిచి, ఒక్కొక్కదాన్ని విడిగా చిన్న గాజు సీసాలో, క్లోరిన్ లేని నీరు 10 నుంచి 20 మి.లీ. పోసి ఉంచాలి. ఉదయం ఎండ వెలుతురులో గానీ బల్బు కింద గానీ ఒకటి రెండు గంటలు పెట్టి, సీసా వెనుక నల్లకాగితం పట్టి భూతద్దంతో చూస్తే, ఈదులాడే తెల్లని చుక్కలు కనిపిస్తాయి. కొన్ని జాతులు చీకటిలోనే వెలువడతాయి గనుక రాత్రంతా ఉంచి తెల్లవారగానే మళ్లీ చూడాలి. ఇలా రెండు మూడు రోజులు చూశాక, ఏమీ వెలువడని నత్తలను చిదిమి లోపలి కాలేయాన్ని పరీక్షించాలి. ఇంకా పక్వానికి రాని సోకుడు అప్పుడే బయటపడుతుంది.

సెర్కేరియాను బతికుండగానే, కవర్‌స్లిప్ కింద చూడటం అలవరచుకోండి. చిటికెడు న్యూట్రల్ రెడ్ అనే రంగు కలిపితే లోపలి గ్రంథులు స్పష్టమవుతాయి. రెండు కంటిచుక్కలతో, నల్లని రంగుతో బరువుగా కదిలేది పొట్ట జలగల సెర్కేరియా. చీలిన తోక ఉండి, తోక పాయలు పొట్టిగా ఉండి, గ్రసని లేకపోతే అది షిస్టోసోమా వైపుది. గ్రసని ఉండి పాయలు పొడవుగా ఉంటే స్ట్రిజియిడులు, డిప్లోస్టోమిడుల వైపుది. నోటి చుట్టూ ముళ్ల పట్టీ ఉంటే ఎకినోస్టోమ్, నోటి దగ్గర సూదిలాంటి ముల్లు ఉంటే జిఫిడియోసెర్కేరియా. కార్జపు జలగ సెర్కేరియా వెలువడిన కొద్దిసేపటికే గాజు గోడకు అంటుకుని తిత్తి కడుతుంది. సీసాలో పలుచటి ప్లాస్టిక్ ముక్క వేసి ఉంచితే ఆ తిత్తులను దాని మీద నుంచి తేలిగ్గా తీసుకోవచ్చు.

సోకిన నత్తలు తరచుగా చాలా తక్కువ. నూటికి రెండు నత్తలకు మాత్రమే సోకిన చోట 50 నత్తలను చూస్తే ఒక్కటీ దొరకకపోయే అవకాశం సుమారు 36 శాతం. 200 చూస్తే అది 2 శాతం లోపుకు పడిపోతుంది. కాబట్టి కొద్ది నత్తలు చూసి ఈ చెరువులో జలగ లేదని రాయడం తొందరపాటు.

మూడో మెట్టు: చేపలు

చేప తాజాగా ఉండాలి. బతికిన చేప దొరికితే మంచిది, లేకుంటే మంచులో పెట్టి తెచ్చింది. గడ్డకట్టించిన చేపలో మెత్తని పురుగులు చెడిపోతాయి. చేప చచ్చిన కొద్ది గంటల్లోనే మోనోజీనియన్లు రాలిపోతాయి గనుక, తెల్లవారుజామున వల లాగేటప్పుడే అక్కడుండి కొనడం ఉత్తమం. ముందుగా ఫొటో తీసి, పొడవు, బరువు, మగా ఆడా అన్నది రాయాలి. ఆతిథేయి పేరు తప్పితే ఆపై పని అంతా తప్పవుతుంది. ముఖ్యంగా మన మార్పు చేపనూ, దొంగచాటుగా పెంచే ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌నూ జాగ్రత్తగా వేరుచేయాలి.

చూసే వరుస ఎప్పుడూ ఒకటే ఉండాలి: చర్మం, రెక్కలు, కళ్లు, మొప్పలు, తర్వాత ఉదరంలోని అవయవాలు, చివరగా కండ. మొప్పలను తీసి, ఒక్కో విల్లును విడివిడిగా పళ్లెంలో పెట్టి సన్నని సూదులతో పాయలు పాయలుగా వెతకండి. శీలావతి, బొచ్చె వంటి గండుచేపల మొప్పల్లో డాక్టిలోగైరస్ దొరుకుతుంది. నాలుగు కంటిచుక్కలు, 14 అంచు కొక్కేలు దాని ఆనవాళ్లు. కంటిచుక్కలు లేకుండా, 16 అంచు కొక్కేలతో, కడుపులో పిల్ల, ఆ పిల్ల కడుపులో మరో పిల్ల కనిపిస్తే అది గైరోడాక్టిలస్. చెరువుల్లో పెంచే పిల్లచేపలకు ఈ రెండూ హాని చేస్తాయి గనుక చేపల రైతులు మీ ఫలితాల కోసం ఎదురుచూస్తారు; వారికి తిరిగి చెప్పడం మీ బాధ్యత.

లోపలి అవయవాలను ఒక్కోదాన్ని వేరే పళ్లెంలో, 0.7 శాతం ఉప్పు ద్రావణంలో ఉంచి తెరవాలి. అంటే లీటరు నీటికి 7 గ్రాముల ఉప్పు. పశుపక్ష్యాదుల అవయవాలకైతే 0.85 శాతం వాడతారు. వాలుగ దొరికితే ముందు గాలితిత్తిని కోసి చూడండి. అందులో ఐసోపారార్కిస్ హైప్సెలోబాగ్రి అనే పెద్ద జలగ ఉండవచ్చు. కంటికే కనిపించేంత పెద్దది గనుక విద్యార్థులకు ట్రెమటోడు దేహనిర్మాణం నేర్పడానికి దీనికి మించిన నమూనా లేదు. మార్పు చేప పేగులో లైటోసెస్టస్ అనే బద్దె పురుగు దొరుకుతుంది. దీని దేహం ఖండాలుగా విడిపోదు, పునరుత్పత్తి అవయవాలు ఒకే జత ఉంటాయి. మట్టగిడస, కొరమీను పేగుల్లో సెంగా అనే మరో బద్దె పురుగు, వాటి కార్జంలో, మూత్రపిండాల్లో యూక్లినోస్టోమమ్ తిత్తులు వెతకాలి. చర్మం కింద, మొప్పల మూత లోపల పసుపురంగు తిత్తులు కనిపిస్తే అవి క్లినోస్టోమమ్ మెటాసెర్కేరియాలు కావచ్చు. వాటి పెద్ద పురుగులు చేపలు తినే కొంగల నోటిలో, గొంతులో ఉంటాయి. చేపను చూసి ఆ చెరువుకు ఏ పక్షులు వస్తున్నాయో కొంత ఊహించగలగడం ఈ అధ్యయనంలోని ఆకర్షణ.

ఎన్ని చేపలు చూడాలి? ప్రతి జాతికీ, ప్రతి రుతువుకూ 30కి తగ్గకుండా చూడాలంటాను. నూటికి పది చేపల్లో ఉండే పురుగు, 10 చేపలు కోస్తే దొరకకపోయే అవకాశం సుమారు 35 శాతం. 30 కోస్తే అది 4 శాతానికి తగ్గుతుంది.

గొర్రెలు, పశువులు, కోళ్లు

నెల్లూరు గొర్రె పుట్టిన సీమలో మాంసం దుకాణమే మంచి ప్రయోగశాల. దుకాణం అతనితో ముందుగానే "జలగ పట్టిన కార్జం ఉంటే పారెయ్యొద్దన్నా, నాకుంచు" అని చెప్పుకోవాలి. ఏ ఊరి మంద, ఏ చెరువు కింద మేసింది అన్నది కూడా అడిగి రాసుకోవాలి. కార్జంలో పైత్యనాళాలు గట్టిపడి మందంగా ఉంటే, వాటిని పొడవునా చీల్చి జలగలను మెత్తని కుంచెతో తీయండి. ఆపై కార్జాన్ని సెంటీమీటరు మందాన ముక్కలు కోసి నీటిలో పిండాలి. మైదాన ప్రాంతాల్లో ప్రధానంగా ఉండేది ఫాసియోలా జైగాంటికా. ఇది 7 సెం.మీ. దాకా పెరుగుతుంది. పొట్ట జలగలు మొదటి కడుపు లోపలి పొరకు అంటుకుని, లేత ఎరుపు రంగులో గుంపులుగా ఉంటాయి.

జంతువును కోయకుండా పేడ పరీక్షతోనూ చాలా తెలుస్తుంది. జలగల గుడ్లు బరువైనవి, ఉప్పు ద్రావణంలో తేలవు. కాబట్టి తేల్చే పద్ధతి కాక, పేడను నీటిలో కలిపి వడగట్టి, అడుగుకు దిగనిచ్చి, పైనీరు పలుమార్లు వంచేసే పద్ధతి పాటించాలి. అడుగు మడ్డిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేస్తే మడ్డి నీలమవుతుంది, గుడ్లు తమ రంగులోనే నిలుస్తాయి. కార్జపు జలగ గుడ్డు బంగారు పసుపు, పొట్ట జలగ గుడ్డు దాదాపు రంగులేనిది. షిస్టోసోమా నాసేల్ గుడ్డు వంపు తిరిగి ఉంటుంది, అయితే దాన్ని పేడలో కాక ముక్కు చీమిడిలో వెతకాలి. ఊపిరి తీసేటప్పుడు గురక వినిపించే ఎద్దును, ఆవును చూస్తే ఈ పరీక్ష తప్పక చేయండి.

గొర్రెల పేగులోని మోనీజియా, నాటుకోడి పేగులోని రైలియెటీనా జాతులు బద్దె పురుగుల పని నేర్చుకోవడానికి అనువైనవి. పేగును పొడవునా చీల్చి, ఉప్పు ద్రావణంలో ఉంచి, పురుగు తల పేగు గోడను తనంతట వదిలేదాకా ఓపిక పట్టాలి. తల తెగిపోయిన బద్దె పురుగుకు నమ్మకంగా పేరు పెట్టలేము. అయితే 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుంచుకుని, జబ్బుతో చచ్చిన కోడిని గానీ కొంగను గానీ ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు తెలపాలి. కుక్కల విసర్జన జోలికి సరైన శిక్షణ లేకుండా పోవద్దు. ఎకినోకాకస్ అనే బద్దె పురుగు గుడ్లు మనిషి కడుపులోకి పోతే కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పెరుగుతాయి.

నాలుగో మెట్టు: పురుగును చంపి నిలపడం

ఈ మెట్టు దగ్గరే ఎక్కువ నమూనాలు పాడవుతాయి. ముడుచుకుపోయి చచ్చిన పురుగు, రెండు స్లైడుల మధ్య నొక్కి నలిపిన పురుగు, ఎంత మంచి రంగు వేసినా అబద్ధమే చెబుతుంది: చూషకాల పరిమాణం మారుతుంది, ముష్కాలు పక్కకు జరుగుతాయి, దేహం వెడల్పు రెట్టింపవుతుంది. మన చేపల బద్దె పురుగుల్లో, ట్రెమటోడుల్లో ఇలాంటి కొలతల తేడాలనే ఆధారం చేసుకుని పెట్టిన కొత్త పేర్లు చాలా ఉన్నాయి. వాటిలో అనేకం నిలబడవని తర్వాతి పరిశోధకులు తేల్చారు.

బతికున్న పురుగును కొద్దిపాటి ఉప్పు ద్రావణంలో ఉంచి, అది బాగా సాగినప్పుడు మరుగుకు దగ్గరగా వేడిచేసిన ఉప్పు ద్రావణాన్ని ఒక్కసారిగా పోయండి. క్షణంలో సాగిన స్థితిలోనే చస్తుంది. వెంటనే సగం పురుగులను 70 శాతం ఆల్కహాల్‌లో గానీ, ఆల్కహాల్, ఫార్మలిన్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో గానీ ఉంచాలి. మిగతా వాటిని డీఎన్‌ఏ కోసం 95 శాతానికి తగ్గని ఆల్కహాల్‌లో వేయాలి. ఫార్మలిన్ తగిలిన నమూనా డీఎన్‌ఏ పనికి రాదనే భావించండి. మందమైన పురుగును చదును చేయక తప్పకపోతే కవర్‌స్లిప్ బరువు ఒక్కటే చాలు.

రంగు వేయడానికి ఎసిటోకార్మిన్ గానీ ఆలం కార్మిన్ గానీ వాడి, ఎక్కువైన రంగును ఆమ్లం కలిపిన 70 శాతం ఆల్కహాల్‌లో తీసేసి, 80, 90, 95, 100 శాతం ఆల్కహాల్‌ల గుండా నడిపి, లవంగ నూనెలో తేటపరచి, కెనడా బాల్సంలో స్లైడు కట్టాలి. మోనోజీనియన్ల కొక్కేలకు రంగు అక్కరలేదు. అమ్మోనియం పిక్రేట్, గ్లిసరిన్ మిశ్రమంలో అవి గాజు గీతల్లా తేటగా కనిపిస్తాయి. ఫార్మలిన్ ఆవిరి ప్రమాదకరం గనుక గాలి ఆడే చోట, తొడుగులతోనే పని చేయండి.

ఐదో మెట్టు: పేరు, లెక్క, భద్రత

గుర్తింపును కుటుంబం, ప్రజాతి, జాతి అనే క్రమంలోనే చేయాలి. ట్రెమటోడుల ప్రజాతుల దాకా 2002, 2005, 2008లలో మూడు సంపుటాలుగా వచ్చిన గుర్తింపు పట్టికలు (ఇంగ్లీషులో "కీస్") ప్రపంచమంతటా ఆధారం. సముద్రపు చేపల ట్రెమటోడులకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. మాధవి, రోడ్నీ బ్రే కలిసి 2018లో వెలువరించిన గ్రంథం మన తీరానికి అన్నిటికన్నా దగ్గరిది. బొమ్మను కెమెరా లూసిడాతో (సూక్ష్మదర్శినిలో కనిపించేదాన్ని కాగితం మీద చూపి గీయనిచ్చే పరికరంతో) గీయండి. ఫొటో ఒక్కటే సరిపోదు. వీలైతే పురుగు అంచున చిన్న ముక్క కోసి డీఎన్‌ఏకు ఇచ్చి, మిగతా దేహాన్ని స్లైడు చేసి, రెంటికీ ఒకే సంఖ్య వేయాలి. 28ఎస్, ఐటీఎస్2, సీఓఐ జన్యుభాగాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. చేపలోని మెటాసెర్కేరియా, నత్తలోని సెర్కేరియా, కొంగలోని పెద్ద పురుగు ఒకటేనని నిరూపించడానికి ఈ దారి బాగా ఉపకరిస్తుంది.

పోలిక కుదరలేదని కొత్త జాతి ప్రకటించడానికి తొందరపడవద్దు. ఒకే జాతి పురుగు చిన్న చేపలో ఒకలా, పెద్ద చేపలో మరోలా పెరుగుతుంది. కనీసం పది పక్వమైన నమూనాలు, ఇదివరకటి రకపు నమూనాలతో (జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా నిలిపిన నమూనాలతో) పోలిక, డీఎన్‌ఏ ఆధారం లేనప్పుడు ప్రజాతి పేరు దగ్గరే ఆగడం నిజాయితీగల పని. నిజంగా కొత్తదైతే, జంతునామకరణ నియమావళి ప్రకారం 1999 తర్వాత ప్రతి కొత్త జాతికీ రకపు నమూనాను స్పష్టంగా పేర్కొని, అది ఏ సంగ్రహాలయంలో ఉందో చెప్పాలి.

లెక్కలు మూడు. 40 చేపలు చూసి 12 చేపల్లో మొత్తం 60 పురుగులు దొరికాయనుకుందాం. సోకిన చేపల శాతం 30. సోకిన చేపకు సగటు పురుగులు 5. చూసిన చేపకు సగటు పురుగులు 1.5. చివరి రెంటినీ కలిపేసి రాసిన వ్యాసాలు ఎన్నో ఉన్నాయి, అలాంటి వాటితో మన అంకెలను పోల్చలేము. పురుగులు సాధారణంగా కొద్ది చేపల్లోనే గుంపుగా ఉంటాయి గనుక, సగటుతోపాటు కనిష్ఠ, గరిష్ఠ సంఖ్యలను కూడా ఇవ్వాలి. ఏమీ దొరకని చేపలను కూడా పట్టికలో రాయాలి.

ప్రతి సీసాలో, సీసా లోపలే, పెన్సిలుతో రాసిన చీటీ వేయండి: ఆతిథేయి పేరు, పురుగు ఉన్న అవయవం, చెరువు, మండలం, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సేకరించినవారి పేరు, చంపిన పద్ధతి. పెన్నుతో రాస్తే ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. స్లైడులను కళాశాల బీరువాలో మాత్రమే ఉంచకండి. ఒక్కో జాతికి రెండేసి స్లైడులనైనా 1916లో స్థాపితమైన భారతీయ జంతు సర్వేక్షణ సంస్థ వారి జాతీయ సంగ్రహానికి పంపి, వారిచ్చిన నమోదు సంఖ్యను ప్రచురణలో ముద్రించాలి. ఆ సంఖ్య ఉంటేనే మరో ఇరవై ఏళ్లకు వచ్చే విద్యార్థి మీ స్లైడును తీసి చూసి, మీరు పెట్టిన పేరును నిర్ధారించగలడు, లేదా సరిదిద్దగలడు.